పాలరొట్టె పుడ్డింగు: ఇంటికి ఉంచుకున్న పాలతో ఉదయపు ఫలహారం

(మహిళా సభ్యుల పాఠం)

మన సంఘాలలో పాలు పోసే ఇళ్ళను గమనిస్తే ఒక సంగతి తరచుగా కనబడుతుంది. పాడి ఉన్న ఇంట్లోనే పిల్లలకు పాలు తక్కువ. పొద్దున్నే పితికిన పాలు పితికినట్లే కేంద్రానికి వెళతాయి. ఇంట్లో మిగిలేది టీకి సరిపడే ఒక గ్లాసు. పశువును మేపేది మనం, పేడ ఎత్తేది మనం, పాలు పితికేది మనం, కాని ఆ పాల బలం మన పిల్లల ఒంటికి పట్టటం లేదు. పాలు అమ్ముకోవద్దని మేము చెప్పబోవటం లేదు. పాల బిల్లు మీదే సంసారం నడిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అయితే అమ్మకానికి ఎంత, ఇంటికి ఎంత అనే లెక్క ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉండాలి. ఈ నెల పాఠంలో ఆ లెక్క చెప్పుకుంటూనే, ఇంటికి ఉంచుకున్న ముప్పావు లీటరు పాలతో ఆరుగురికి సరిపడే కొత్త ఫలహారం ఒకటి నేర్చుకుందాం.

ఈ వంటకం ఎక్కడిది?

మన ఇళ్ళలో క్యాసరోల్ అంటే చపాతీలు, ఇడ్లీలు వేడి ఆరకుండా పెట్టే డబ్బా. అమెరికాలో క్యాసరోల్ అంటే వెడల్పాటి లోతు గిన్నె. ఆ గిన్నెలో సర్ది పొయ్యిపెట్టెలో కాల్చిన వంటకానికీ అదే పేరు. పాలు, గుడ్లు, రొట్టె ముక్కలు, పంచదార కలిపి ముందు రోజు రాత్రే గిన్నెలో సర్ది, చల్లని పెట్టెలో ఉంచి, తెల్లవారి కాల్చుకునే తీపి క్యాసరోల్ అక్కడి ఇళ్ళలో సెలవు రోజు ఫలహారం. ఉదయపు ఫలహారానికీ మధ్యాహ్న భోజనానికీ నడుమ తీరికగా తినే ఈ పూటను వాళ్ళు బ్రంచ్ అంటారు. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ అనే రెండు మాటలు కలిపి చేసిన మాట ఇది. 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే రచయిత, ఆదివారం నాడు ఇలాంటి పూట ఉండాలని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఆ తరువాత ఈ అలవాటు అమెరికాలో బాగా పాతుకుపోయింది.

నిజానికి ఈ వేళ మన పాడి ఇళ్ళకే బాగా నప్పుతుంది. తెల్లవారుజామున లేచి, పాలు పితికి, కేంద్రంలో పోసి, కొట్టం శుభ్రం చేసేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పటికి కడుపు నిండే ఫలహారం ఒకటి పొయ్యి మీద సిద్ధంగా ఉంటే ఎంత బాగుంటుంది!

వంటకమూ మనకు మరీ పరాయిది కాదు. రొట్టెను నేతిలో వేయించి, పాకంలోనూ చిక్కని పాలలోనూ నానబెట్టే డబుల్ కా మీఠా హైదరాబాదు విందులలో అందరూ ఎరిగినదే. కాగితే తనంతట తానే గడ్డకట్టే జున్ను మన ప్రతి పాడి ఇంట్లోనూ ఉన్నదే. ఈ రెండింటి గుణాలూ కలిసిన వంటకమే పాలరొట్టె పుడ్డింగు.

ఎందుకు గట్టిపడుతుంది?

కారణం తెలిసి చేసిన వంట చెడదు. అందుచేత ముందు ఈ సంగతి అర్థం చేసుకుందాం.

ఈనిన పశువు తొలి పాలలో మామూలు పాలకంటే మాంసకృత్తులు చాలా ఎక్కువ. వేడి తగలగానే అవి ఒకదానితో ఒకటి అల్లుకుని వలలాగా ఏర్పడి, నీటిని ఆ వలలో పట్టి ఉంచుతాయి. అదే జున్ను. మామూలు పాలకు ఆ శక్తి లేదు, ఎంత కాచినా పొంగుతాయే గాని గడ్డకట్టవు. అందుకని ఆ పనికి గుడ్డును తోడు తెచ్చుకుంటాం.

గుడ్డు తెల్లసొన ఒక్కటే అయితే 62 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో గట్టిపడటం మొదలుపెడుతుంది. పాలు, పంచదార కలిసినప్పుడు ఆ వేడి 80 నుంచి 85 డిగ్రీల దాకా పెరుగుతుంది. అక్కడికి చేరి ఆగితే మెత్తగా, జున్నులాగా కుదురుతుంది. అది దాటి మంట ఎక్కువైతే వల బిగుసుకుపోయి, తడిబట్టను పిండినట్లు తనలోని నీటిని బయటకు వదిలేస్తుంది. అడుగున నీళ్ళు నిలిచి, పైన గట్టి ముద్ద మిగులుతుంది. కాబట్టి ఈ వంట రహస్యమంతా నిదానపు మంటలోనే ఉంది.

ఇక రొట్టె సంగతి. తాజా రొట్టె పాలను అంతగా పీల్చదు, ముద్దగా అయిపోతుంది. ఒకరోజు నిలవున్న రొట్టె ఆరి ఉంటుంది గనుక స్పంజిలాగా పాలను పీల్చుకుంటుంది. అయితే నిలవ రొట్టె వేరు, బూజు పట్టిన రొట్టె వేరు. ఒక్క ముక్క మీద బూజు కనబడినా మొత్తం రొట్టెను పారవేయాలి. బూజు పోగులు కంటికి కనబడినంత మేరకే ఉండవు.

కావలసిన పదార్థాలు (ఆరుగురికి)

కాచి చల్లార్చిన పాలు: 750 మిల్లీలీటర్లు
నిలవ రొట్టె: 300 గ్రాములు (సుమారు 12 ముక్కలు)
కోడిగుడ్లు: 4
పంచదార: 120 గ్రాములు
నెయ్యి: 30 గ్రాములు
కిస్‌మిస్, జీడిపప్పు: కలిపి 50 గ్రాములు
ఏలకులు: 4
ఉప్పు: చిటికెడు

గిన్నె 24 సెంటీమీటర్ల వెడల్పు, 5 లేక 6 సెంటీమీటర్ల లోతు ఉంటే చాలు. లోతు గిన్నె పనికిరాదు. అంచులు మాడిపోయినా నడుమ పచ్చిగానే ఉండిపోతుంది.

బెల్లం వాడవచ్చునా అని చాలామంది అడుగుతారు. బెల్లంలో కొంత పులుపు గుణం ఉంటుంది. వేడి పాలలో వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉన్నదని పాయసం వండే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందుచేత పుడ్డింగులోపల పంచదారే వాడండి. బెల్లం రుచి కావాలంటే పంచదార సగానికి తగ్గించి, బెల్లాన్ని కొంచెం నీటిలో కరిగించి, వడగట్టి, లేతపాకం చేసుకుని, వడ్డించేటప్పుడు పైన పోసుకోండి.

ముందురోజు సాయంత్రం చేయవలసిన పని

రొట్టెను అంగుళం ముక్కలుగా కోసి, పలుచని బట్ట కప్పి పళ్ళెంలో ఆరనివ్వండి. పంచదార కొలిచి పెట్టుకోండి. ఏలకులు దంచండి. కిస్‌మిస్ కడిగి తుడవండి. గిన్నెకు నెయ్యి రాయండి. పని ఇంతవరకే.

అమెరికాలో అన్నీ కలిపి రాత్రంతా నానబెడతారు గదా, మనమూ అలా చేయవచ్చునా? ఫ్రిజ్ ఉన్న ఇంట్లో అయితే చేయవచ్చు. సాయంత్రపు పాలు కాచి, పూర్తిగా చల్లార్చి, అన్నీ కలిపి, మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. లోపలి చల్లదనం 5 డిగ్రీలకు మించకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో, లేదా రాత్రి కరెంటు పోయే ఊళ్ళో మాత్రం ఈ పని చేయనే కూడదు. పాలు, పచ్చి గుడ్డు, పంచదార కలిసిన తడి రొట్టె సూక్ష్మజీవులకు పొలం దున్ని ఎరువు వేసినట్లే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి పెరుగుతూనే ఉంటాయి. మన ఎండాకాలపు రాత్రి వాటికి మరీ అనుకూలం. పొద్దున వాసన బాగానే ఉన్నదని నమ్మటానికి వీల్లేదు. పాలడబ్బా శుభ్రత గురించి మన సంఘంలో ఏ సూత్రం చెప్పుకుంటామో వంటింట్లోనూ అదే సూత్రం.

ఉదయం చేసే విధానం

1. ఉదయపు పాలను ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా అయ్యేవరకు చల్లార్చండి. మరిగే పాలు గుడ్ల మీద పోస్తే అక్కడికక్కడే గుడ్డు ఉడికి పలుకులు కడుతుంది.

2. గుడ్లను ఒక్కొక్కటిగా చిన్న కప్పులో పగలగొట్టి చూసి, మంచిదైతేనే గిన్నెలో వేయండి. నాలుగవ గుడ్డు చెడిపోయినదైతే మొదటి మూడూ పాడు కాకుండా ఉంటాయి. పంచదార, ఉప్పు వేసి గిలకొట్టండి. నురగ రావలసిన అవసరం లేదు, తెల్లసొన పచ్చసొన కలిసిపోతే చాలు.

3. పాలను కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. తరువాత వడగట్టండి. పెంకు ముక్కలు, కలవని తెల్లసొన జల్లెడలో ఉండిపోతాయి. గుడ్డు నీచువాసన తగ్గటానికి ఇది మంచి ఉపాయం. ఏలకుల పొడి ఇప్పుడు వేయండి.

4. నెయ్యి రాసిన గిన్నెలో సగం రొట్టె ముక్కలు పరచి, కిస్‌మిస్, జీడిపప్పులో సగం చల్లండి. మిగిలిన ముక్కలు పైన పరచి, పాల మిశ్రమాన్ని నెమ్మదిగా అంతటా పోయండి. గరిటె వెనుకభాగంతో అదమండి. ఇరవై నిమిషాలు నాననివ్వండి. పైన మిగతా పప్పులు చల్లి, కరిగిన నెయ్యి చిలకరించండి.

5. ఓవెన్ ఉన్నవారు 175 డిగ్రీల వేడిలో 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి. ఫ్రిజ్‌లోనుంచి తీసిన గిన్నె అయితే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఓవెన్ లేకపోతే ఎలా?

మన ఇళ్ళలో చాలావాటికి ఓవెన్ లేదు గనుక ఈ భాగం శ్రద్ధగా చదవండి. మందమైన పాత ఇనుప మూకుడు గాని, వెడల్పాటి గుండిగ గాని తీసుకోండి. అడుగున రెండు అంగుళాల మందాన శుభ్రమైన పొడి ఇసుక పోయండి. ఇసుక మీద ఒక కుదురు పెట్టండి. మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. తరువాత పుడ్డింగు గిన్నెను కుదురు మీద ఉంచి, బరువైన మూత వేసి, సన్నని మంట మీద 50 నుంచి 60 నిమిషాలు ఉంచండి. కట్టెల పొయ్యి ఉన్నవారు చివరి పది నిమిషాలలో మూతమీద నాలుగు నిప్పులు పరిస్తే పైభాగం ఎర్రగా కాలుతుంది. ఇసుకకు అడుగు పాడవుతుంది కాబట్టి రోజూ వాడే గిన్నెలు దీనికి వాడవద్దు. ప్రెషర్ కుక్కరును నీళ్ళు లేకుండా పొయ్యి మీద పెట్టవద్దు.

ఇదీ వీలుకానివారు ఇడ్లీపాత్రలో జున్ను ఉడికించినట్లే ఆవిరి మీద 40 నిమిషాలు ఉడికించుకోవచ్చు. గిన్నె మీద మూత వేయాలి, లేకపోతే ఆవిరి నీళ్ళు పుడ్డింగులో పడతాయి. పైన ఎర్రని పొర రాదుగాని రుచికీ బలానికీ లోటు లేదు.

ఉడికినదీ లేనిదీ తెలుసుకోవటానికి నడుమ ఒక పలుచని చాకు గుచ్చి తీయండి. పాలు అంటకుండా వస్తే అయినట్లే. గిన్నె కదిపితే నడుమ కొంచెం వణకాలి, అలలాగా కదలకూడదు. దింపిన తరువాత పది నిమిషాలు ఆగి కోయండి. ఆ పది నిమిషాలలో లోపలి వేడితోనే మిగతా పని పూర్తవుతుంది.

గుడ్డు తినని ఇళ్ళకు

గుడ్డుకు బదులు మొక్కజొన్న పిండితో తయారయ్యే కస్టర్డు పొడి వాడవచ్చు. దీనిని కనిపెట్టిన కథ ముచ్చటగా ఉంటుంది. 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం పట్టణంలో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, తన భార్యకు గుడ్డు పడదని ఈ పొడి తయారుచేశాడు.

నాలుగు పెద్ద చెంచాల పొడిని ఒక కప్పు చల్లని పాలలో ఉండలు లేకుండా కలపండి. మిగతా పాలను పంచదారతో కాచి, ఈ మిశ్రమం పోసి, చిక్కబడేవరకు గరిటెతో తిప్పండి. రొట్టె ముక్కల మీద పోసి, పదిహేను నిమిషాలు నానబెట్టి, అరగంట కాల్చితే చాలు. ఇక్కడ వల అల్లేది పిండి, మాంసకృత్తు కాదు. గుడ్డు బలం తగ్గుతుంది కాబట్టి పక్కన ఒక గ్లాసు మజ్జిగో, గుప్పెడు వేరుశెనగపప్పో ఉంచండి.

జున్నుపాలు ఉన్నప్పుడు వాటితోనూ చేయవచ్చు. కాని మొదటి హక్కు దూడది. పుట్టిన దూడకు మొదటి గంటలలో తాగించే ముర్రుపాలే దానికి రోగనిరోధక శక్తి. దూడ కడుపు నిండిన తరువాత మిగిలితేనే ఇంటికి. జున్నుపాలను కేంద్రంలో పోయవద్దన్న మాట సభ్యులందరికీ తెలిసిందే. వేడిచేయగానే అవి గడ్డకట్టి, కలిసిన పాలన్నిటినీ పాడుచేస్తాయి.

చెడిపోతే కారణం ఏమిటి?

అడుగున నీళ్ళు నిలిచాయి: మంట ఎక్కువైంది, లేదా అవసరానికి మించి కాలింది.
నడుమ పచ్చిగా ఉంది: గిన్నె లోతు ఎక్కువ, లేదా తొందరపడి దింపారు.
గట్టిగా, పిడచగా వచ్చింది: పాలు చాలలేదు, లేదా రొట్టె నానలేదు.
గుడ్డువాసన వచ్చింది: వడగట్టలేదు, లేదా పెద్దమంట మీద కాల్చారు.
పాలు విరిగినట్లు పలుకులు కట్టాయి: పాలు ముందే పులిసినవి, లేదా పుల్లని పండ్లు వేశారు. అరటి, సపోటా వేయవచ్చు. నారింజ, పచ్చి అనాస వేయకూడదు.

బలం లెక్క

ముప్పావు లీటరు పాలలో సుమారు 25 గ్రాములు, నాలుగు గుడ్లలో 24 గ్రాములు, 300 గ్రాముల రొట్టెలో 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మొత్తం 73 గ్రాములు. ఆరు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి 12 గ్రాముల పైన. పాలవల్లనే ఒక్కొక్కరికి సుమారు 150 మిల్లీగ్రాముల సున్నం అందుతుంది. గోధుమ రొట్టెలో లైసిన్ అనే అంశం కొరత. పాలలోనూ గుడ్డులోనూ అది సమృద్ధి. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. గ్లాసుతో పాలిస్తే ముఖం తిప్పుకునే పిల్లవాడు కూడా ఈ రూపంలో అరపావు లీటరు పాలు తనకు తెలియకుండానే తినేస్తాడు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార సూచికలలో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు గాని పెరుగు గాని ఉండాలని చెప్పింది. పుడ్డింగు వాటాలో వచ్చేది 125 మిల్లీలీటర్లే. మిగతాది పెరుగు, మజ్జిగలతో భర్తీ చేయాలి. పుడ్డింగులో తీపి ఉంది కాబట్టి ఇది వారానికి ఒకసారి చేసుకునేది, రోజూ తినేది కాదు. చక్కెరవ్యాధి ఉన్నవారికి ఇది తగదు.

పాల బిల్లు లెక్క

రోజుకు 6 లీటర్ల పాలు పోసే ఇల్లు వారానికి 42 లీటర్లు పోస్తుంది. అందులో ముప్పావు లీటరు అంటే నూటికి రెండు పాళ్ళు కూడా కాదు. ఆ మాత్రం తగ్గితే బిల్లు తలకిందులు కాదు. అయితే రెండు జాగ్రత్తలు తప్పవు.

మొదటిది, ఇంటికి తీసే పాలను బాగా కలిపిన తరువాతనే తీయాలి. నిలిచిన పాలలో మీగడ పైకి తేలుతుంది. పైపాలు ఇంటికి ఉంచుకుంటే కేంద్రంలో వెన్నశాతం తగ్గి ధర తగ్గుతుంది.

రెండవది, తీసిన లోటును నీళ్ళతో పూడ్చకూడదు. నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు రీడింగు పడిపోతుంది, వెన్నేతర ఘనపదార్థాలు తగ్గుతాయి. ఆ సభ్యురాలికి రావలసిన ధర తగ్గటమే గాక, ఊరి పాలన్నీ ఒకే డబ్బాలో కలిసేచోట మొత్తం సంఘానికి మాట వస్తుంది. ముప్పావు లీటరు తక్కువ పోయటంలో తప్పు లేదు. ముప్పావు లీటరు నీళ్ళు పోయటం తోటి సభ్యుల కష్టాన్ని దోచుకోవటమే.

మిగిలితే

వండిన పుడ్డింగును రెండు గంటలలోపల తినాలి, ఎండాకాలంలో గంటలోపల. ఫ్రిజ్‌లో పెడితే మరునాటికి బాగుంటుంది. తినేముందు పొగలు వచ్చేవరకు వేడిచేయాలి. బడికి డబ్బాలో కట్టి పంపవద్దు.

సంఘాలకు సూచన

మహిళా సంఘాల అధ్యక్షురాళ్ళు, కార్యదర్శులు ఈ వంటను సంఘం ఆవరణలో ఒకసారి చేసి చూపించవలసిందిగా కోరుతున్నాము. డాక్టర్ కురియన్ పుట్టినరోజైన నవంబరు 26ను 2014 నుంచి జాతీయ పాల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజు ఇందుకు తగినది. ఇసుక మూకుడు ఒకటి, గిన్నెలు రెండు ఉంటే చాలు. ఒక గిన్నె గుడ్డుతో, ఒకటి గుడ్డు లేకుండా చేస్తే అందరికీ అందుతుంది. ప్రదర్శన అయ్యాక, ప్రతి సభ్యురాలూ తన ఇంట్లో రోజుకు ఎంత పాలు పిల్లలకోసం ఉంచుతున్నదో అడిగి రాసుకోండి. ఆరు నెలల తరువాత మళ్ళీ అడగండి. ఆ అంకె పెరిగితే పాఠం ఫలించినట్లు.

మననం చేసుకోవటానికి ప్రశ్నలు

1. జున్ను తనంతట తానే గడ్డకడుతుంది, మామూలు పాలు గడ్డకట్టవు. ఎందుకు?
2. పుడ్డింగులో నీళ్ళు నిలవటానికి కారణం ఏమిటి?
3. ఫ్రిజ్ లేని ఇంట్లో మిశ్రమాన్ని రాత్రంతా ఎందుకు నానబెట్టకూడదు?
4. ఇంటికి పాలు తీసేముందు కలపటం ఎందుకు అవసరం?
5. మీ ఇంట్లో వారానికి ఎన్ని లీటర్లు పోస్తున్నారు? అందులో ముప్పావు లీటరు నూటికి ఎన్ని పాళ్ళు?

అయిదవ ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో లేదు. మీ పాసుపుస్తకంలో ఉంది. తీసి చూసుకోండి.